మూడో మడి సంగతి

పెద్దనాన్నకి, నమస్కారాలు.

నేను తయారుచేసిన కలుపు మిషన్ లారీలో వస్తోంది. నా తోటల చదువుకి ఇదే ఆఖరి పరీక్ష. నీ వంగతోటలో మూడు మళ్లు ఎంచుకో. ఒకదాంట్లో మిషన్‌తో కలుపు తియ్యి, రెండోదాంట్లో చేత్తో తీయించు. మూడో మడి జోలికి మాత్రం వెళ్లొద్దు. వంగ పూతకొచ్చే వేళకి మా మాస్టారు వచ్చి, మూడూ పోల్చి చూసి మార్కులేస్తారు. ఇది చెడితే నాకు ఏడాది పోతుంది, కూరగాయల తోటలో ఇస్తామన్న ఉద్యోగమూ పోతుంది. భయంగా ఉంది పెద్దనాన్నా.

నీ అమ్మడు

తా.క. మూడో మడి ముట్టుకోవద్దని పెద్దమ్మకి నీ నోటితో నువ్వే చెప్పు. నేను చెబితే వినదు.

*

అమ్మడికి, పెద్దనాన్న దీవెనలు.

మిషన్ అందింది. బాగానే నడుస్తోంది, కాకపోతే మలుపు దగ్గర నన్నే లాక్కుపోతోంది. రెండు మళ్లూ అద్దంలా ఉన్నాయి. మూడోదే బుర్రకెక్కలేదు. కలుపు తీసే చదువు చదివి కలుపు వదిలెయ్యమంటావేంటే? దారినపోయేవాళ్లంతా ఆగి, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేదని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తోచక నాకే అన్నాను. పక్కతోట ముసలాయన పరామర్శకి పళ్లు కూడా తెచ్చాడు.

తలెత్తుకోలేని నీ పెద్దనాన్న

తా.క. పళ్లు తియ్యగా ఉన్నాయి. ఇంకొన్నాళ్లు దగ్గుదామనుకుంటున్నాను.

*

పెద్దనాన్నా,

కలుపున్న మడి ఒకటుంటేనే మిగతా రెండిట్లో ఎంత మేలు జరిగిందో తెలుస్తుంది. కలుపు ఎంత ఉంటే అంత మంచిది. పరువు సంగతి తర్వాత చూసుకుందాం.

నీ అమ్మడు

తా.క. నీ దగ్గు కబురు అమ్మదాకా వచ్చింది. చేదు మందు పంపిస్తోంది. తాగక తప్పదు.

*

అమ్మడూ,

కొంప మునిగింది. నీ ఉత్తరం అందేలోపే మీ పెద్దమ్మ మూడో మడంతా పీకి పారేసింది. "మీకా ఒంట్లో బాగోలేదు, నేనైనా చూసుకోవద్దా?" అంది. దగ్గు ఉత్తుత్తిదనీ, మూడో మడి ముట్టుకోవద్దనీ ఆవిడకి చెప్పడం మర్చిపోయాను. నీ ఏడాది పోకూడదని అప్పటికప్పుడే పార పట్టుకున్నాను. గట్ల మీది గరికా తుంగా తవ్వి తెచ్చి, తాడు కట్టి, వంకర లేకుండా వరుసల్లో నాటేశాను. పూటపూటా నీళ్లు పోస్తున్నాను. పేడ ఎరువు కూడా వేశాను. దిగులు పడకు.

నీ పెద్దనాన్న

తా.క. తుంగ మొక్క ఒకటి వాడిపోతోంది. ఏ మందు కొట్టాలో మీ మాస్టార్ని అడిగి రాయి.

*

పెద్దనాన్నా,

ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. కలుపుని ఎవరైనా నాటుతారా? వదిలెయ్యమంటే చేతులు కట్టుకుని కూర్చోమని. మాస్టారు వచ్చే వారమే బయల్దేరుతున్నారు. ఇక ఏదీ దాచకు, ఉన్నదున్నట్టు చెప్పెయ్యి.

నీ అమ్మడు

తా.క. తుంగకి మందు అడగలేదు. నేనింకా ఈ కాలేజీలోనే ఉండాలి.

*

అమ్మడికి, దీవెనలు.

మాస్టారు వచ్చారు. మూడో మడి ముందు వంగి, కలుపు వరుసలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. నేను గుండె చిక్కబట్టుకుని అంతా చెప్పేశాను. ఆయన నీ మిషన్ తీసుకుని సగం మడిలో తనే తిప్పితే కలుపంతా శుభ్రంగా వచ్చేసింది. కాలేజీ మళ్లలో కలుపు ఒకచోట దుబ్బులా, ఒకచోట బోడిగా వస్తుందట. ఏ మిషన్ మంచిదో ఎప్పుడూ తేలదట. కలుపు ఇంత సమానంగా ఉంటేనే మిషన్ సత్తా తెలుస్తుందన్నారు. నువ్వు గట్టెక్కావు తల్లీ. మీ పెద్దమ్మ గట్టు మీదే కూలబడి ఏడ్చేసింది. తన చేత్తోనే నీ ఏడాది పీకేశానని ఇన్నాళ్లూ ఆవిడకి అన్నం సయించలేదు.

ఇక నుంచి మీ కాలేజీ పిల్లలందరి మిషన్లకీ కలుపు పండించే పని నాకే ఇచ్చారు. కింది చేనంతా అప్పుడే నాటేశాను.

ఇట్లు, మీ కాలేజీ కలుపు రైతు

తా.క. కింది చేలో పాత టమాటా గింజలు మొలిచి నా కలుపుని ఎదగనివ్వడం లేదు. వాటిని పీకడానికి నీ మిషన్ పనికొస్తుందా?