ఇరవై మూడు గాడుల స్తంభం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం ఎప్పట్లాగే పనిచేస్తోంది.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి గంతేశాను! దేశ చట్టసభ భవనం మరమ్మతులకు నా కూతురు ఇంజనీరా! నేను ఉలి పట్టుకుని తిరిగిన చోట నువ్వు టోపీ పెట్టుకుని తిరుగుతున్నావా! "కాస్త కూర్చోండి, బీపీ పెరుగుతుంది" అంది అమ్మ. ఇవాళ పెరగనీ అన్నాను.

నువ్వడిగినవి చెబుతాను. అవును, గుండ్రటి పెద్దహాలు చుట్టూ ఉన్న అరవై స్తంభాలూ మా చేతుల మీదే లేచాయి. అంతకుముందు సభ ఒక పాత గోదాములో జరిగేది. వానొస్తే సభ్యులు గొడుగులేసుకుని చట్టాలు చేసేవాళ్లు. కొత్త గోపురం నిండా అద్దాలు పెట్టి, ఎండ సభాపతి బల్ల మీద పడాలని ఆర్కిటెక్టు పట్టుబట్టాడు. తొలిరోజు పాపం సభాపతి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునే సభ నడిపాడు!

ఇక అసలు ప్రశ్న. అన్ని స్తంభాలకూ పైనుంచి కిందికి చెక్కిన గాడులు ఇరవై నాలుగుంటే, సందర్శకుల మెట్ల వెనకున్న దానికి ఇరవై మూడే ఎందుకని అడిగావు. దేశం పని ఇంకా మిగిలే ఉందని శిల్పి పెట్టిన సంకేతమని గైడ్లు చెబుతున్నారట. సంకేతమైతే ఉంచుతారు, పొరపాటైతే తీసేసి కొత్తది పెడతారు, నివేదిక మీద సంతకం నీది.

సంకేతమూ లేదు, గింకేతమూ లేదు తల్లీ. ఆ శిల్పిని నేనే.

ఆ ఉదయం ఒక్కో గాడి వెడల్పుకు తెరిచిన కంపాసుతో రాతి చుట్టూ గుర్తులు పెట్టబోతుంటే మేస్త్రీ గేటు దగ్గర్నుంచి కేకేశాడు. "ఒరేయ్, ఆడపిల్లరా! తల్లీ పిల్లా క్షేమం!" నేను గంతేసిన గంతుకి చేతిలో కంపాసు కాస్త ఎక్కువ తెరుచుకుంది. చూసుకోలేదు. నవ్వుకుంటూ గుర్తులు పెట్టుకుపోయాను. చివరిది మొదటిదానితో సరిగ్గా కలిసింది, ఇంకేం అనుమానం? చెక్కడం అయ్యాక లెక్కపెడితే ఇరవై మూడు! ఏడుపొక్కటే తక్కువ. మేస్త్రీ తిట్టి తిట్టి, చివరికి నవ్వేశాడు. "మెట్ల వెనక నిలబెడదాం. అక్కడెవడు లెక్కపెడతాడ్రా" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల తర్వాత నువ్వే లెక్కపెట్టావు!

పనివాడిగా పరువు పోతుందని అమ్మకు కూడా చెప్పలేదు. కానీ నువ్వు సంతకం పెట్టే కాగితంలో అబద్ధం ఉండకూడదు. పొరపాటనే రాయి. తీసేస్తే నాకు బాధగానే ఉంటుంది, అయినా రాయి.

ఒక్కటే అడుగుతున్నా. దించేముందు దాని గాడిలో వేళ్లు పెట్టి చూడు. పక్క స్తంభాల గాడుల కంటే కొంచెం వెడల్పుంటుంది. నువ్వు పుట్టావని తెలిసినప్పుడు నా సంతోషం అంత.

ఇట్లు,
ఆ రోజు లెక్క తప్పిన
మీ నాన్న