గోడ వైపు కూర్చున్న అమ్మాయి

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక కాదు, ఓపిక లేక. పగలంతా ప్రెస్సులో ఇతరుల వాక్యాల్లో తప్పులు దిద్ది వచ్చాక, నాదంటూ ఒక్క వాక్యం రాయాలన్నా కళ్లు మూతలు పడతాయి.

ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. వంటింటి పక్కన సామాన్ల గది చాలు. ఎందుకని బావగారు అడిగితే, కళ్లజోడు నంబరు పెరిగిందని చెప్పు. నీకు మాత్రం అసలు సంగతి రాస్తున్నాను. చదివి నవ్వకు.

మా సందు చివర చిన్న హోటలుంది. నాలుగు బల్లలు, ఆవిరి పట్టిన అద్దం, పొయ్యి దగ్గర ఒక పెద్దావిడ. ఎదురుగా చెప్పులు కుట్టే ఆయన, ఆ పక్కన తాళాల కొట్టు. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నా భోజనం అక్కడే. మూల బల్ల దగ్గర, గోడకి మొహం పెట్టి కూర్చుంటాను. పుస్తకం చదువుకోవచ్చు, ఎవరినీ పలకరించనక్కర్లేదు. పళ్లెం వెనక నుంచి భుజం మీదుగా వస్తుంది; డబ్బులు బల్ల మీదే పెట్టి, తల వంచుకుని వచ్చేస్తాను. తింటూ తలెత్తకూడదని కాన్వెంటు బళ్లో సిస్టర్లు నేర్పిన అలవాటు ఇంకా పోలేదు.

ఆ హోటలు బయటి గోడ మీద ఒక పెయింటరు బొమ్మ వేశాడు. రోజూ వచ్చేవాళ్లంతా అందులో ఉన్నారు. చెప్పులాయన పళ్ల మధ్య దారంతో, తాళాలాయన ఆవలిస్తూ, బస్సు కండక్టరు టీ ఊదుకుంటూ. నేనూ నన్ను వెతుక్కున్నాను. చివర మూలలో ఉన్నాను అక్కా. వీపూ జడా, అంతే. జడ చివర నువ్వు నేర్పిన ముడి కూడా ఉంది. మొహం లేదు.

ఆ పక్కనే నిలబడి కండక్టరు ఎవరికో నా బొమ్మ చూపిస్తున్నాడు. "అది గోడపిల్ల. రోజూ వస్తుంది. మొహం ఎలా ఉంటుందో మాకెవరికీ తెలీదు."

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను.

ఎవరూ నన్ను చూడకపోతే బాగుండుననే ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజంగానే చూడలేదని తెలిసేసరికి తినకుండానే వెనక్కి వచ్చేశాను. ఎవరి మీదా కోపం లేదు. అలిసిపోయాను. నేను వెళ్లిపోయినా ఆ బొమ్మలో మార్చాల్సిందేమీ ఉండదు.

నీ చెల్లి

అక్కా,

సామాన్ల గది ఖాళీ చేయించకు.

రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని, ఆఖరిసారి తిందామని వెళ్లాను. పెయింటరు నిచ్చెన మీద చెప్పులాయన మీసం సరిచేస్తున్నాడు. సందు మొదటిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, నా మొహం ఎందుకు వేయలేదని అడిగాను. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు.

ఆయన దిగి వచ్చాడు. "మిమ్మల్ని చూస్తే కదండీ వేసేది? ఊహించి వేస్తే అది ఇంకెవరి మొహమో అయ్యేది" అన్నాడు. కనబడని అక్షరాన్ని ఊహించి నింపకూడదని ప్రెస్సులో నేను అందరితో పోట్లాడేది కూడా అందుకే. కావాలంటే బొమ్మలో మొహం ఇప్పుడే ఇటు తిప్పేస్తానని, వెలుతురులో నిలబడమని ఆయన అన్నాడు. వద్దన్నాను.

లోపలికి వెళ్లి, అదే బల్ల దగ్గర, వాకిలి వైపు తిరిగి కూర్చున్నాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దావిడ గరిటెతోనే వచ్చేసింది.

"ఇక్కడ ఒకమ్మాయి కూర్చుంటుంది తల్లీ. వచ్చే వేళయింది. నువ్వు ఇంకో బల్ల చూసుకో."

నేను లేచి, వెనక్కి తిరిగి, జడ చూపించాను.

పక్క బల్ల దగ్గరున్న తాళాలాయన పొలమారేదాకా నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, "ఇంత చిన్నదానివా" అని, వెళ్లి నా పళ్లెంలో ఇంకో గరిటె వేసి తెచ్చింది. ఈసారి ఎదుటి నుంచి.

ఇంకా అలసటగానే ఉంది. రేపటి ప్రూఫులు రేపు ఉండనే ఉన్నాయి. రాజీనామా కాగితాన్ని మడిచి పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్నాను. ఆ పూట పుస్తకం తెరవలేదు.

నీ
గోడపిల్ల