షట్టరు ఎత్తే ముందు కిందికి చూడవలసినదిగా

డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి సముఖమునకు,
నీటిపారుదల శాఖ, కొత్తలాకుల సబ్‌డివిజన్.

అయ్యా,

విషయం: వేసవిలో కాలువకు నీరు కట్టివేసినందున మా అబ్బాయి నిద్రపోవుట మానివేసిన సంగతి; నీరు వదలుటకు ముందు లాకుల కిందికి మనిషిని దింపి చూపించవలసిన అవసరము – గురించి.

తమరు రాత్రి నిద్రపోయారా? మర్యాదకు అడగడం లేదు, జవాబు కోసం అడుగుతున్నాను. నిద్రపోయి ఉంటే, ఆ నిద్ర తమకు ఎవరిచ్చారని అనుకుంటున్నారు? దేవుడు తనకు ఇష్టమైనవారికి ఇచ్చే బహుమానం నిద్ర అని వాక్యం. "అయితే మన ముగ్గురం ఆయనకి ఇష్టం లేదా?" అని నా భార్య అడిగింది. ఆదివారం ఆరాధనలో గుక్క తిప్పుకోకుండా బోధించేవాణ్ణి, ఆవిడ అడిగినదానికి గ్రంథం మూసి ఈ కాగితం తీశాను. అందుచేత తమకు రాస్తున్నాను.

నా పేరు పెనుమాల బుజ్జిబాబు. కొత్తలాకులపేట నివాసిని. కొబ్బరికాయలు ఒలిచే పని చేసుకుంటూ మా ప్రార్థన మందిరంలో బోధకుడిగా ఉన్నాను. ఏ కళాశాలలోనూ చదవలేదు. ఒలిచే గునపం పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుని, పీచు దుమ్ములోనే నేర్చుకున్నాను. నా భార్య ఆశాజ్యోతి. మాకు ఒక్కడే కొడుకు, పేరు దీవెన్, వయసు ఎనిమిదేళ్ళు. వాడికి ఆటిజం అని కాకినాడలో డాక్టరమ్మ గారు చెప్పియున్నారు. మాటలు లేవు. పిలిస్తే తిరగడు. మా కష్టములు ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. మా ఇల్లు లాకులను ఆనుకుని కాలువగట్టు మీద ఉన్నది. కాలువ పారినన్నాళ్ళూ షట్టరు కింద నుంచి నీరు దూకే హోరు రేయింబవళ్ళు వినబడును. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ మోతకి నిద్రపట్టక మర్నాడే బస్సెక్కుతారు. మా అబ్బాయికి మాత్రం ఆ మోత ఉంటేనే నిద్ర. తుపానులో పడవ మునిగిపోయేలా ఉంటే తల కింద దిండు పెట్టుకుని పడుకున్నవాడు మన ప్రభువు. చుట్టూ నీళ్ళు ఘోషిస్తుంటే నిద్రపోవడం రోగం కాదు, అందుకు లేఖనంలో ఆధారం ఉన్నదని మనవి.

2. ఏటా వేసవిలో మరమ్మతుల నిమిత్తం శాఖవారు కాలువ కట్టివేయుదురు. అవసరమే, కాదనను. కట్టిన నాటి నుంచి మా వాడు నిద్రపోడు. నిశ్శబ్దం వాడికి చెంపదెబ్బలా తగులుతుంది. గోడకేసి తల కొట్టుకుంటాడు, వాకిట్లో గుండ్రంగా తిరుగుతాడు, గట్టు వైపు చెయ్యి చాపి మూలుగుతాడు. డాక్టరమ్మ గారిచ్చిన మందు వేస్తే తొందరగా కళ్ళు మూస్తాడు, తొందరగానే లేస్తాడు. ఆశాజ్యోతీ నేనూ వంతులు వేసుకున్నాము. వంతులనేవి ఇద్దరు మనుషులకు పనికొస్తాయి. ఇప్పుడు మా ఇద్దరినీ కలిపినా ఒక మనిషి కాము.

3. మేము ఏ ప్రయత్నమూ చేయలేదని తమరు తలచరాదు. పంకా కింద పడుకోబెట్టాము. బిందెలోకి కుళాయి వదిలి పెట్టాము. చివరికి సెల్‌ఫోన్‌లో నీటి హోరు వెతికి, మందిరం స్పీకరు బాక్సుకి కలిపి వినిపించాను. వాడు చెవులు మూసుకుని కేకలు పెడుతూ పరుగెత్తినాడు. పక్కింటి చిట్టెమ్మత్త గుమ్మంలోకి వచ్చి, "ఎండాకాలంలో వరద తెచ్చావేంటి బుజ్జిబాబూ? మీ మావయ్య చెప్పులు చంకలో పెట్టుకుని మంచమెక్కి కూర్చున్నాడు" అన్నది. అంత బాధలోనూ ఆశాజ్యోతి నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆగాలో తెలియక ఏడుపైపోయింది.

4. కాలువ కట్టినప్పుడు మా లాకుల షట్టరు ఒక జానెడు ఎత్తి ఉంచవలసినదని, ఉన్న కాస్త నీటి చప్పుడైనా వాడికి చాలునని మండల కార్యాలయపు సోమవారం అర్జీలలో మొరపెట్టుకున్నాను. చప్పుడు కావాలని మనిషి అర్జీ పెడతాడని అక్కడి గుమాస్తా గారు నమ్మలేదు. శబ్ద కాలుష్యం కింద రాసుకున్నారు. మూడోనాడు పోలీసువారు వచ్చి, మందిరం మైకు గురించి ఫిర్యాదు ఉన్నదని హార్ను విప్పించి పోయారు. పిమ్మట నా ఫోనుకి మెసేజి వచ్చింది: మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది.

5. ఇక్కడ ఏదో ముఖ్యమైనది రాయబోయి మరచితిని. స్థలం విడిచిపెట్టియున్నాను.

6. మా సంఘపెద్ద వెంకటరాజు గారు ఆరాధన అయ్యాక నలుగురిలో, "ఊరందరి దయ్యాలూ వెళ్ళగొడతావు కదయ్యా, నీ ఇంట్లోది నీ మాట వినదా?" అన్నారు.

"వాడికి దయ్యం లేదండి. నిద్ర లేదు" అన్నాను.

దయ్యం పట్టినదంటే నన్నే పట్టినది. ఎండిన కాలువ పక్కన నాకు నీరు వినబడుతున్నది. కాయ ఒలుస్తూ ఉండగా నీరు దూకిన మోత వచ్చి, గునపం వదిలేసి గట్టెక్కి చూస్తాను. అడుగున పగుళ్ళిచ్చిన మట్టి. ఇంటికొస్తే ఆశాజ్యోతి కూడా అప్పుడే గట్టు దిగుతూ ఎదురవుతుంది. ఏం విన్నావని ఒకరినొకరు అడగడం మానేశాము. మొన్న ఆదివారం ప్రసంగం మధ్యలో నిలబడే కునుకు తీశాను. షట్టరు లేచినట్టు, ముందు వరసలో కూర్చున్న పిల్లల మెడల దాకా నీరు వచ్చినట్టు కనబడి, పట్టుకోండి పట్టుకోండి అని అరిచాను. సంఘమంతా ఆత్మ దిగిందనుకుని చేతులెత్తి స్తోత్రం చేసింది.

7. అసలు సంగతి ఇది. పోయిన వేసవిలో ఎండ ముదిరిన ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. తలుపు బార్లా తీసి ఉన్నది. ఆశాజ్యోతి బియ్యం కడుగుతూ, గిన్నెలో చెయ్యి అలాగే ఉండగా, గోడకి చేరబడి నిద్రపోతున్నది. బాబు లేడు. కాలువలోకి దూకి లాకుల దాకా పరుగెత్తాను. వాడు షట్టరు అడుగున ఇనుముకి చెవి ఆనించి పడి ఉన్నాడు. దగ్గరకు పోయి ముక్కు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఊపిరి తగిలింది. గాఢనిద్ర. మంచినీటి చెరువు కోసం షట్టరు అవతల నిలవ ఉంచిన నీరు, రబ్బరు అరిగిన చోట సన్నగా కారుతున్నది. ఊరిలో ఎవరికీ వినబడని ఆ చప్పుడు వాడికి వినబడింది.

నా వెనకే ఆశాజ్యోతి వచ్చింది. లేపుతుందనుకున్నాను. వాడి పక్కన మట్టిలో పడుకుని కళ్ళు మూసుకుంది. ఇద్దరికీ కాపలాగా నేను కూర్చున్నాను. తోటలో ప్రభువు ప్రార్థిస్తూ ఉంటే శిష్యులు ఒక్క గడియ మేలుకోలేకపోయారు. ఆ శిష్యుల మీద ఎన్నోసార్లు నిప్పులు కురిపించాను. ఆ వేళ నేను కూడా వారిలాగే పడిపోయాను.

లస్కరు వెంకన్న గారు కర్రతో తట్టి లేపారు. కాలువ కావలి, షట్టర్ల పని అప్పుడు ఆయనదే.

"ఏంటండీ బోధకుడు గారూ, ఇది పడగ్గదా? పైనుంచి ఫోనొస్తే నేను షట్టరు చక్రం తిప్పెయ్యాలండి. తిప్పితే మీ ముగ్గురూ ఏ ఊళ్ళో తేలతారో నాకు తెలీదు."

ఆశాజ్యోతి కళ్ళు తెరవకుండానే, "ఇంకో అరగంట పడుకోనివ్వండి వెంకన్న గారూ. తర్వాత తిట్టండి" అన్నది.

ఆయన తిట్టలేదు. మెట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, బాబు లేచిందాకా ఉన్నారు. ఆ రోజు మొదలు కాలువ కట్టినన్నాళ్ళూ మా వాడికి నిద్ర అక్కడే. ఆయన మాత్రం కిందికి దిగి చూడకుండా ఏనాడూ చక్రం మీద చెయ్యి వేయలేదు.

8. వెంకన్న గారు పోయిన నెల రిటైరయినారు. వారి స్థానే వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగి మూడు లాకులు చూసుకోవాలి. మోటారు సైకిలు మీద వచ్చి, ఈల వేసి, పై వంతెన మీద చక్రం తిప్పి, మరో లాకుకి పోతాడు. నేను స్వయంగా ఎక్కి చూశాను. ఆ వంతెన మీద నుంచి షట్టరు అడుగు కనబడదు. ఇక ఈల సంగతి. ఈల వింటే ఎవరైనా గట్టెక్కుతారు. మా వాడు చెవులు మూసుకుని షట్టరుకి మరింత హత్తుకుంటాడు.

ఈ ఏడు నీరు ముందుగా వదులుతారని తెలిసి, ఎప్పుడని నిన్న అతణ్ణి అడిగాను. "రేపో ఎల్లుండో అండి. పైనుంచి ఎప్పుడు ఫోనొస్తే అప్పుడే. ముందుగా మీకు చెప్పాలంటే ముందు నాకెవరైనా చెప్పాలి కదండీ" అన్నాడు. అతని తప్పు లేదు.

అక్కడికి పోవడం మానరాదా అని తమరు అడుగుదురు. మానినాము. నిన్న తలుపుకి తాళం వేశాము. ఇద్దరం ఎప్పుడు ఒరిగిపోయామో తెలియదు. లేచేసరికి పెరటి దడి ఊడదీసి ఉన్నది. ముళ్ళు గీరుకున్న వేళ్ళతో వాడు షట్టరు కిందే దొరికినాడు. ఆ నీరు వస్తే మా ఇంట్లో నిద్ర వస్తుంది. ఆ నీటి కోసం ఎదురుచూస్తున్నాము, ఆ నీటికే వణుకుతున్నాము.

కాబట్టి వేడుకొనునది:

(అ) చక్రం తిప్పేవారు ముందు మెట్లు దిగి, షట్టరు అడుగు కళ్ళతో చూసి, ఆ తర్వాతనే ఎత్తునట్లు ఉత్తర్వు ఇవ్వవలెను. పిలిచి ఊరుకుంటే చాలదు. వాడు పలకడు.

(ఆ) నీరు వదిలే ముందు మాకు ఫోను చేయించవలెను. నంబరు కవరు మీద రాశాను. మేము ఎత్తకపోతే నిద్రపోయామని గ్రహించి, చిట్టెమ్మత్త నంబరుకి చేయవలెను. అదీ రాశాను.

(ఇ) వచ్చే వేసవికి ఆ జానెడు సంగతి ఆలోచించవలెను. తొందర లేదు.

అయ్యా, కత్తి వచ్చుట చూసి కూడా కావలివాడు బూర ఊదకపోతే, చచ్చినవాని రక్తం కావలివాని తల మీదనే అని లేఖనం. ఊదిన తర్వాత వినీ కదలనివానిది వాని తల మీదనే. ఇది నా బూర. ఊదాను. ఇక వినడం తమ వంతు. తమరి మీద కోపంతో అంటున్న మాట కాదు. నా తల మీద ఉన్న భారంలో సగం తమకు దించుతున్నాను, ఒక్కణ్ణే మోయలేక.

చిత్తగించుటతోటే సరిపెట్టక, కుర్చీలోంచి లేవవలెనని ప్రార్థించు

తమ విధేయుడు,
పెనుమాల బుజ్జిబాబు

తా.క.: అండీ, నేను ఆశాజ్యోతినండి. పైదంతా మా ఆయన రాశారు. సంతకం పెట్టి కలం మూత పెట్టకుండానే బల్ల మీద వాలిపోయారు. లేపబుద్ధి కాలేదు. బాబు చేతిని నా చేతికి కొంగుతో కట్టుకుని ఇది రాస్తున్నాను. రెండేసి మాటలకి ఒకసారి కొంగు లాగి, అటు చివర వాడున్నాడో లేదో చూసుకుంటున్నాను. ఇందాక లాకుల వైపు మోటారు సైకిలు చప్పుడైంది. నిజంగా అయిందో, నా చెవుల్లోనే అయిందో నాకు తెలీదండి. నేను కూడా ఎంతసేపు కూర్చోగలనో చెప్పలేను. చిట్టెమ్మత్త ఈ కాయితం పట్టుకుని మొదటి బస్సుకే వస్తుంది. ఆవిడకి చదువు రాదు, గదులన్నీ తిప్పకండి. అర్జీ మీద నంబరు వేయించుకు రమ్మని కిందికి పంపకండి. ముందు ఆ లాకులాయనకి ఫోను చెయ్యండి. చిట్టెమ్మత్త ఎదురుగానే చెయ్యండి. సంతకాలూ ఉత్తర్వులూ రేపైనా చూసుకోవచ్చండి, ఫోను మాత్రం ఇప్పుడే చెయ్యండి.