ఆయన వేసిన ముడి

సిరిసిల్ల, 1959
శ్రావణ మంగళవారం, రాత్రి

ఈ పూట కూడా కుడిచేయి అన్నం ముద్ద ఎత్తనన్నది. భుజం బండరాయిలా ఉంది. ఆయన పోయాక ఆయన మగ్గం మీద నేను కూర్చున్నప్పటి నుంచీ ఇదే బాధ. డాక్టరు రక్తం తక్కువని సూది వేశాడు. అత్త దిష్టి తీసింది. "చెయ్యి గిట్లనే ఉంటే మగ్గం అమ్మేద్దాం బిడ్డా" అని నిన్న కళ్లొత్తుకుంది. నేనైతే దుఃఖమే చేతిలోకి దిగిందనుకున్నాను.

పొద్దున తమ్ముడు వచ్చాడు. వాడూ నేతగాడే. నేను నేస్తుంటే కాసేపు చూసి, దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడెను విసరడానికి లాగే, పైనుంచి తాడుకు వేలాడే పిడిని పట్టుకున్నాడు.

"అక్కా, గీ తాడు బావ ఎత్తుకు కట్టుకున్నది. నువ్వేమో పొట్టిదానివి. లాగినప్పుడల్లా చెయ్యి మీదికి లేపుతున్నవ్. భుజం గుంజక ఏంజేస్తది? పిడి జర కిందికి దించుకోవాలె."

పిడి ఎత్తుగా ఉందని నాకు తెలుసు. ఆయన చేత్తో వేసిన ముడి కదా అని ముట్టుకోలేదు. నొప్పి అక్కడి నుంచే వస్తోందని మాత్రం తోచలేదు.

తమ్ముడు విప్పబోయాడు. రాలేదు. "బిగుసుకపోయిందక్కా, కోసుడే" అన్నాడు. రేపు కోద్దువులే అన్నాను.

ఆయన ఉన్నప్పుడు ఒకసారి పిలిచాడు. "జర వచ్చి కూసో, నీ ఎత్తుకు కడుత, నేర్సుకుందువు" అన్నాడు. నాకెందుకులే అని నవ్వి వంటింట్లోకి పోయాను.

ఆ రోజు కూర్చుని ఉంటే, నా ఎత్తుకు వేసిన ముడి కూడా ఆయన చేతిదే అయ్యేది.