రెండవ చిన్నరాములు కబుర్లు నాకు పంపవద్దని మనవి

పటాన్‌చెరు, మెదక్ జిల్లా.
తేది: 15-11-2009.

రుణదర్శిని ఆన్‌లైన్ సేవల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో ఉంటూ ఆటో నడుపుకునే చిన్నరాములు, తండ్రి పోచయ్య, వయస్సు 43 సంవత్సరాలు, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా పేరున తమ వద్ద గల రుణ పర్యవేక్షణ ఖాతాను మూసివేయుట గురించి. నాలుగవసారి.

ఇదివరకు మూడుసార్లు ఇంటర్నెట్ ద్వారా ఇదే మనవి పంపుకున్నాను. మూడుసార్లూ తమ అభిప్రాయం మాకు విలువైనదని జవాబు వచ్చింది. నేను అభిప్రాయం చెప్పలేదు, ఖాతా మూయమన్నాను. కంప్యూటరులో చదివేవారు ఎవరూ లేరేమోనని ఈసారి కాగితం మీద రాసి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. పదకొండేళ్ళు ఫ్యాక్టరీలో తోటి కార్మికులకు సెలవు చీటీలూ అర్జీలూ రాసిపెట్టినవాడిని గనుక, రాయడం నాకు కష్టం కాదు. చదివించడమే కష్టంగా ఉన్నది.

1. నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పౌడర్ సెక్షనులో హెల్పరుగా పనిచేసేవాడిని. రెండేళ్ళ కిందట నా చేతులు మోచేతుల దాకా పొక్కులు లేచి తోలు ఊడటం మొదలైంది. సంగారెడ్డిలో డాక్టరుకు చూపించుకున్నాను. "మందు నేనిస్త. కానీ నువ్వు ఆ పౌడర్ పట్టుకున్నన్ని రోజులు ఇది పోదు" అన్నాడాయన. నా భార్య అరుణమ్మ వెంట వచ్చింది, బస్సులో నా టికెట్టు కూడా తానే పట్టుకున్నది. పటాన్‌చెరులో దిగినాక, "ఒక ఆటో తీసుకో. ముత్తంగి, ఇస్నాపూర్ దిక్కు నడుపు. ఇగ ఆ కొలువు మనకొద్దు" అన్నది. అప్పటికి ఆమె నా అన్నం తానే కలిపి పెడుతున్నది. అందువల్ల ఈ ఏడాది ఫిబ్రవరి నెలలో ఆటో లోనుకు దరఖాస్తు చేసుకున్నాను.

2. బ్యాంకు ఆఫీసరు గారు కంప్యూటరులో చూసి, "నీ పేరు మీద ట్రాలీ ఆటో లోను ఉన్నది. ఏడు నెలల సంది కడుతలేవు. కొత్తది ఎట్లిస్తరు?" అన్నారు.

"నాకు సైకిల్ తప్ప బండే లేదు సార్."

"కంప్యూటర్ల ఉన్నదే చెప్తున్న. నువ్వే చూసుకునే సర్వీసు వచ్చిందట. పోయి చూసుకో" అని తమ పేరు చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీతోనే నేను తమ ఖాతాదారుడిని అయ్యాను. నెలనెలా రుసుము నా ఏటీఎం కార్డు నుంచి తామే కోసుకుంటున్నారు గనుక ఆ సంగతి తమకు తెలిసే ఉంటుంది.

3. బస్టాండు రోడ్డులో సత్తిబాబు గారి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఖాతా తెరిపించాను. ఆయన భీమవరం దిక్కు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. తెర మీద నా ఫైలు కిందికీ పైకీ రెండుసార్లు జరిపి చూశారు. తరువాత, "రాములు గారూ, ఇందులో మీరు ఇద్దరున్నారండి" అన్నారు.

చూడగా, చిన్న బంగారు లోను నాది. అది తీరిపోయింది. ట్రాలీ ఆటో లోను మాత్రం పోతిరెడ్డిపల్లి అడ్రసు మీద ఉన్నది. ఆ అడ్రసులోని మనిషి పేరు కూడా చిన్నరాములు, తండ్రి పేరు పోచయ్య, పుట్టిన తేదీ జూన్ ఒకటి. నాదీ జూన్ ఒకటే. మా బడిలో తేదీ తెలియని పిల్లలందరికీ పంతులు గారు అదే తేదీ వేశారు. వాళ్ళ పంతులు గారూ అదే చేసినట్టున్నారు.

వెంటనే ఫిర్యాదు నమోదు చేశాను. ముప్పై రోజులకు జవాబు వచ్చింది: "సదరు అప్పు చిన్నరాములు, తండ్రి పోచయ్యదేనని రుణదాత ధ్రువీకరించారు." అందులో అబద్ధం లేదు. ఏ చిన్నరాములు అని మాత్రం ఎవరూ అడగలేదు.

4. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం నేను కోపంతోనే పోతిరెడ్డిపల్లి పోయాను. తమ రిపోర్టు ప్రింటు చేతిలో ఉన్నది. అది రేకుల ఇల్లు. నేను తలుపు ముందు నిలబడి, ఫైనాన్సు కాగితాల గురించి వచ్చానని అన్నాను. ఒక ఆమె బయటికి వచ్చింది. ఆమె ఆ ఇంటాయన భార్య దేవమ్మ అని తరువాత తెలిసింది.

"బండి తీస్కపోతిరి గదా. ఇంకేం మిగిలిందని వచ్చిండ్రు?" అన్నదామె.

ఆమె వెనుక నుంచి నా ఈడు మనిషి తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చిన్నరాములంటే నువ్వేనా?" అన్నాను.

"అవ్. నువ్వెవలు?"

"నేను గూడ చిన్నరాములే. మా నాయిన గూడ పోచయ్యనే."

ఆయన నవ్వలేదు. లోపలి నుంచి పీట తెచ్చి వేశాడు. ఆయన సరుకు మోసే కంపెనీ మూతబడిందనీ, వాయిదాలు తప్పాయనీ, పోయిన దసరా ముందర ఫైనాన్సు వాళ్ళు బండి లాక్కుపోయారనీ చెప్పాడు. "బండి పోయింది, అప్పు గూడ పోయింది. గిప్పుడు కంకర రాళ్ళ మిషన్ కాడ కూలికి పోతున్న. ఎవలికి బాకీ లేను" అన్నాడు.

అయ్యా, ఆ మాట ఆయన తృప్తిగా అన్నాడు. బండి వేలం వేసినాక కూడా కొంత అప్పు మిగిలిందనీ, అది నెలనెలా పెరుగుతున్నదనీ నా చేతిలోని కాగితంలో ఉన్నది. ఆయనకు తెలియదు. ఫైనాన్సు వాళ్ళు చెప్పలేదు. ఆ ఇంటి అప్పు ఆ ఇంటివాళ్ళ కంటే ముందు, ఎన్నడూ మొఖం చూడని నాకు తెలిసింది. కొట్లాడదామని పోయినవాడిని, ఆ కాగితం ఆయనకు చదివి వినిపించాను. చదవడం అయిపోయినాక దేవమ్మ లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆయన మాత్రం, "నువ్వు మంచోనివే. నువ్వు రాకుంటే నాకు తెల్వకపోతుండె" అన్నాడు.

5. ఆ తరువాత మే నెలలో మేమిద్దరం కలిసి బ్యాంకుకు పోయి ఆఫీసరు గారి బల్ల ముందు పక్కపక్కన నిలబడ్డాము. "సార్, నేను చిన్నరాములు. ఈయన గూడ చిన్నరాములు" అన్నాను. ఆఫీసరు గారు రెండు ఓటరు కార్డులు ఎదురెదురుగా పెట్టి చూసి, పైవారికి ఉత్తరం రాశారు. ఆగస్టులో నా ఆటో లోను వచ్చింది. సెప్టెంబరులో ఫ్యాక్టరీ మానేశాను. ఇప్పుడు చేతుల మీద కొత్త తోలు వస్తున్నది, నా అన్నం నేనే కలుపుకుంటున్నాను. రెండవ చిన్నరాములు తనంతట తాను ఫైనాన్సు ఆఫీసుకు పోయి గడువు అడిగి, కొద్దికొద్దిగా కడుతున్నాడు. ఆ విధంగా బ్యాంకు వారు మమ్మల్ని విడదీశారు. తమ ఖాతా మాత్రం ఇంకా విడదీయలేదు.

6. ఇక అసలు ఇబ్బంది మనవి చేసుకుంటున్నాను. తమ మెసేజ్‌లు నా ఫోనుకు వస్తూనే ఉన్నవి. వాయిదా ఆలస్యం. వాయిదా అందినది. మళ్ళీ ఆలస్యం. ఆయనకు జ్వరం వచ్చి రాళ్ళ మిషను కాడికి పోని వారం నాకు మెసేజ్ ద్వారా తెలిసింది. దేవమ్మ తన కడియాలు అమ్మిందని ఆమె నాకు చెప్పలేదు. ఒకేసారి రెండు వాయిదాలు అందినవని మెసేజ్ వచ్చింది, ఆ తరువాత పోయినప్పుడు ఆమె కాళ్ళు బోసిగా ఉండటం చూశాను. ఎదుటి మనిషి ఇంట్లోకి తలుపు కొట్టకుండా తొంగిచూసే అలవాటు నాకు లేదు. తమ ఖాతా నాతో ఆ పని చేయిస్తున్నది.

7. మూసివేయుటకు నేను చేసిన ప్రయత్నాలు. తమ పేజీలో "ఖాతా రద్దు" అని నొక్కగా, నేను నేనేనని రుజువు చేయుటకు ప్రశ్నలు అడిగారు. మీ వాహన రుణం ఎన్ని నెలలకు? మొదటి వాయిదా ఏ నెలలో చెల్లించారు? నాకు తెలియదు. మూడుసార్లు తప్పు చెప్పినందుకు ఒక రోజు తాళం పడింది. చివరకు రెండవ చిన్నరాములును బతిమాలి సత్తిబాబు గారి సెంటరుకు పిలుచుకుపోయాను. ఒక కూలి దినం పోగొట్టుకుని వచ్చాడు. బంగారు లోను ప్రశ్నలకు నేను, బండి ప్రశ్నలకు ఆయన జవాబులు చెప్పాము.

"ఇద్దరూ కలిసి ఒక మనిషి అయ్యారండి. పాసయ్యారు" అన్నారు సత్తిబాబు గారు.

కానీ తరువాతి పేజీలో, ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఖాతా మూయబడదని వచ్చింది. ఫిర్యాదు ఏప్రిల్‌లోనే తోసిపుచ్చామని రాసినవారూ తామే. ఆ పేజీ చూసి రెండవ చిన్నరాములు, "ఇగ పోదాం పా, అన్న" అని మాత్రం అన్నాడు. ఆయన నన్ను అన్న అని పిలవడం అదే మొదలు. ఇద్దరిదీ ఒకే పుట్టిన తేదీ.

8. ఖాతా మూస్తే ఏం చేయవలెనో కూడా ఆలోచించుకున్నాను. తొందరపడి రాస్తున్న అర్జీ కాదని తమరికి తెలియుట కొరకు ఆ ఆలోచనలు మనవి చేస్తున్నాను.

మెసేజ్‌లు మాత్రం ఆపించుకోవచ్చునన్నారు సత్తిబాబు గారు. కానీ ఖాతా ఉంటే ఏదో ఒకనాడు తెరిచి చూస్తాను. నా మనసు నాకు తెలుసు.

ఇంకొక కంపెనీ వారు సగం రుసుముకే ఇటువంటి ఖాతా ఇస్తున్నారట. అక్కడ కూడా మేమిద్దరం ఒకరమే అయితే, ఒకచోట చూసేది రెండుచోట్ల చూడవలసి వస్తుంది.

సిమ్ కార్డు మార్చమన్నది అరుణమ్మ. ఇప్పుడు ఇస్నాపూర్ ఆటో గిరాకీ అంతా ఆ నంబరు మీదనే ఉన్నది. ఏటీఎం కార్డు ఆపించుకుంటే రుసుము ఆగుతుంది. కానీ అది కట్టలేదని తామే నా పేరున రాస్తే ఎట్లా అని భయపడ్డాను.

ఏమీ చూసుకోకుండా ఉండటం కూడా ఒక దారే. నలభై ఏళ్ళు అట్లనే ఉన్నాను. కానీ ఒకసారి లోను కాదన్నాక, చూసుకోకుండా ఉండే ధైర్యం పోయింది.

చివరకు కుదిరింది ఇది: ఏడాదికి ఒకసారి పోస్టు ద్వారా రిపోర్టు తెప్పించుకుంటాను. బ్యాంకు ఆఫీసరు గారి ఉత్తరం నకలు దానికి జతచేసి దాచుకుంటాను. తప్పు కనపడితే మేమిద్దరం మళ్ళీ పోయి ఏ బల్ల ముందరైనా నిలబడతాము. ఇందులో ఆలస్యం ఉన్నది, బస్సు కిరాయి ఉన్నది. అయినా ఆ రిపోర్టులో ఏమున్నదో ఆయన పక్కన ఉండగానే చదువుతాను.

కావున, విచారణలో ఉన్నదని తాము చెప్పుచున్న ఫిర్యాదును నేను ఉపసంహరించుకుంటున్నాను. అందువల్ల నాకు మునుముందు నష్టం రావచ్చునని తెలిసే సంతకం చేస్తున్నాను. ఇప్పటివరకు కోసుకున్న రుసుము తిరిగి అడగను. ఖాతా మూసినట్టు ఒక్క ముక్క తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ రాసి పంపితే చాలును. ఇందులోని సంగతులు తమ చిత్తములో ఒక్కసారి నిలుపుకొని, తగిన ఉత్తర్వు ఇప్పించవలెనని కోరుకుంటున్నాను.

ఇట్లు,
తమ ఖాతాలో సగం మనిషి, అయినను విధేయుడు,
చిన్నరాములు, తండ్రి పోచయ్య (పటాన్‌చెరు).

తా.క.: ఈ అర్జీ రాసి నాలుగు రోజులైంది. పోస్టు చేయడానికి తీరిక దొరకలేదు. నిన్న పగలు పదకొండు గంటలకు ముత్తంగి దగ్గర ఆటో ఆపుకుని ఉండగా తమ మెసేజ్ వచ్చింది. చిన్నరాములు కొత్తగా పెట్టుకున్న రుణ దరఖాస్తు తిరస్కరించబడినదని. నేను ఏ దరఖాస్తూ పెట్టలేదు. టైర్ల పంక్చరు షాపు పెడతానని రెండు నెలలుగా రెండవ చిన్నరాములు అంటున్నాడు.

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. అరుణమ్మ చాయ్ ఇచ్చింది.

"లోన్ అయినట్టే, అన్న. రెండు సంతకాలు పెట్టుడే ఉన్నది. గాలి మిషన్ గూడ చూసి పెట్టిన" అన్నాడు.

"మంచిగైంది" అన్నాను. "షాపు ఏడ పెడుతున్నవ్?"

బైపాస్ కాడ అన్నాడు. లారీలు ఎటు దిక్కు నుంచి ఎక్కువ వస్తాయో, బోర్డు మీద ఏం రాయిస్తాడో అరగంట చెప్పాడు. అరుణమ్మకు ఏమీ తెలియదు. "మొదటి గిరాకీ మాదే" అన్నది. ఆయన ఆమె ముఖం చూసే మాట్లాడాడు. నా ముఖం చూడలేదు.

కాదన్న రోజున ఇంటికి పోయి దేవమ్మకు చెప్పేముందు, ఎక్కడైనా ఒకచోట కాసేపు లోను వచ్చిన మనిషిలాగా కూర్చోవాలనుకున్నాడు. మా ఇంటికి వచ్చాడు. ఆయన మాట్లాడినంతసేపూ నా ఫోను నా జేబులోనే ఉన్నది. ఇంకోసారి అట్లా కూర్చోవడం నా వల్ల కాదు. మూసేయండి సార్.