కూర్చుని నీళ్లు పోసుకునే గది

పెద్దారవీడు,
9 మార్చి 2025, ఆదివారం.

హుస్సేన్ అన్నకు, చెల్లెలు అరుణకుమారి నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఇక్కడ అత్తమ్మ, నేను, మేకలు బాగున్నాం. అక్కడ బెంగుళూరులో మీ ఒళ్లూ మీ పనీ బాగుండాలని కోరుకుంటున్నాను.

ముందుగా నన్ను క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు తప్పుతాయి, వరసలు వంకర పోతాయి. కూడబలుక్కుని చదవండి. మీ ఎదుట ఎప్పుడూ రెండు మాటలు మాట్లాడలేదు, ఇప్పుడు ఇంత ఉత్తరం రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఇంట్లో మిగిలిన ఒక్క ఫోను మా ఆయన దిండు పక్కనే ఉంటుంది. అందుకే రాసి, మా నాయన చేతికిచ్చి, మార్కాపురంలో ముబాషిరా వదినకు చేర్చమన్నాను. వదిన మీకు పంపిస్తుంది.

ఆయన గురించే అన్నా. అక్కడ పనిలో పరంజా మీద నుంచి పడినప్పుడు ఆస్పత్రిలో మీరే దగ్గరున్నారు. ఇంటికి తెచ్చుకున్న తర్వాతి సంగతులు మీకు తెలియవు. నడుము కింద స్పర్శ రాలేదు. పెరటి వరండాలో మంచమే ఆయన లోకం. స్నానమంటే మంచానికి అడ్డంగా చీర కట్టి, అత్తమ్మా నేనూ చెరో పక్క పట్టుకుని పోసేవాళ్లం. గాలికి చీర ఎగిరేది. ఎదురింటి బాలయ్య మామ సరిగ్గా అప్పుడే వచ్చి, చీర పక్కకు జరిపి మరీ “ఏంరా అల్లుడా, ఎట్లుంది?” అని అడిగేవాడు. ఆయన కళ్లు మూసుకునేవాడు. ఒళ్లు తుడిచి బట్ట చుట్టేదాకా తెరిచేవాడు కాదు.

తర్వాత అన్నం తగ్గించాడు. మాట మానేశాడు. ఒకరోజు మాత్రం, “అమ్మా, పత్తికి కొట్టే మందు ఏడబెట్టినావే?” అని మామూలుగా అడిగాడు. “అదెప్పుడో అయిపాయె, ఇప్పుడు నీకెందుకురా ఈరాంజీ” అంది అత్తమ్మ. ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అప్పటి నుంచి ఆయన చేతికి ఏం అందుతుందో చూసుకుంటూ తిరుగుతున్నాను. మేకల వెంట పోయినా ప్రాణం ఇంటి మీదే. ఎవరికీ చెప్పలేను. చెబితే ఊరంతా మంచం చుట్టూ చేరి ఆయన్నే అడుగుతారు.

మీరిద్దరూ ఆ పెద్దింట్లో జపాన్ బాత్రూము కట్టినప్పుడు ఆయన నాకు ఫోటోలు పంపించాడు. “ఈడ నిలబడి పోసుకునేదే లేదంట. పీట మీద కూచుని రుద్దుకుంటారంట. కుళాయి, అద్దం, సబ్బు అన్నీ మోకాలెత్తులోనే” అని ఫోన్లో నవ్వాడు. గోడకు వేసిన నల్లరాయి మన మార్కాపురం రాయేనని గొప్పగా చెప్పాడు. ఆమధ్య బియ్యం చెరుగుతుంటే ఆ మాట గుర్తొచ్చి చేట కింద పెట్టేశాను. నిలబడలేని మనిషికి అంతకంటే మంచి గది ఏముంటుంది?

మా పెరట్లో, వరండా పక్కనే, పిడకలు దాచుకునే బాత్రూము ఉంది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. పిడకలు బయట వేశాను. మా నాయన ఆదెయ్య, పలకల ఫ్యాక్టరీలో విరిగి పారేసిన ముక్కలు గోతాల్లో మోసుకొచ్చాడు. గులకరాళ్లు వాగులో నేనే ఏరాను. బుట్టలల్లేవాళ్ల దగ్గర మూలన పడి ఉన్న వెదురు తడక గోడకు కట్టాను. పీట మా వంటింటిదే. ఆ దేశంలో వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంటారట. అది విని అత్తమ్మ, “ట్యాంకరు రాకపోతే గొడ్లకే దిక్కులేదు, వీడు మునగాల్నా? వీడేమన్నా ఎనుమా?” అంది. అందుకని చెంబుతో ముంచుకునేటట్టు చిన్న సిమెంటు తొట్టి పెట్టాను.

రాళ్లు పరిచి నీళ్లు పోస్తే, అవి తూముకు పోకుండా గడప దాటి ఆయన మంచం కిందికి వచ్చాయి. “ఎవురే వాటం పెట్టింది? నీళ్లు పోవాల్సింది తూముకా, నా కిందికా?” అని ఆయన అరిచాడు. ఎన్నాళ్లకో ఆ గొంతు విన్నాను. గోనెపట్టా మీద ఈడ్చుకుంటూ పోయి, బోర్లా పడుకుని, నేను పరిచినవన్నీ పీకి మళ్లీ పరిచాడు. “రాయి పెట్టమంటే దోసె పోసినావే” అన్నాడు. ఎంత బాగా తిట్టాడో అన్నా!

సిమెంటు ఆరిన తర్వాత ఒక్కడే లోపల కూర్చుని నీళ్లు పోసుకున్నాడు. ఉండబట్టలేక అత్తమ్మ, “ఒరే, ఉన్నావా, పోయినావా?” అని కేకేసింది. “ఉండాన్లే, నువ్వు పో” అన్నాడు. నేను దండెం మీద బట్టల చాటున నిలబడి ఏడ్చాను.

అంతా బాగైందని రాద్దామంటే కాలేదు. ఆ సాయంత్రమే నన్ను పిలిచి, తలుపుకు లోపల గడియ పెట్టించమన్నాడు, తన చేతికందే ఎత్తులో. ఎందుకన్నాను. “మొగోడు నీళ్లు పోసుకుంటావుంటే మీరు తోసుకోని వస్తే ఎట్ల? నేను మనిషిని కానా?” అన్నాడు. న్యాయమే. కానీ మందు గురించి అడిగింది కూడా ఆ నోరే. గడియ పెట్టకపోతే మళ్లీ పెరట్లో చీర చాటుకు తెచ్చినట్టే. పెడితే, లోపల ఏం జరిగినా నాకు తలుపే కనబడుతుంది. దుకాణంలో గడియ దొరకలేదని ఆయనకు చెప్పి రోజులు నెడుతున్నాను. ఎన్నాళ్లు నెట్టగలను?

మీరు ఒక్కసారి రండి. మీ ఫోను వస్తే చూసి పక్కన పెడుతున్నాడు. కోపం కాదన్నా, మంచంలో పడి మాట్లాడటానికి చిన్నతనం. ఒకే షెడ్డులో వండుకుతిన్న మనుషులు మీరు. ఆయన ముఖం చూస్తే లోపల ఏముందో మీకు తెలుస్తుంది. నాకు తెలియడం లేదు. తనంతట తనే నవ్వినా భయపడుతున్నాను.

ఇట్లు,
మీ చెల్లెలు
అరుణకుమారి

తా.క. పైన గడియ పెట్టలేదని రాశాను. అది అబద్ధం. వారం కిందటే పెట్టాను. ఆ ముఖం చూస్తూ ఇంకా లేదని చెప్పలేకపోయాను. కానీ కావాలనే పొట్టి స్క్రూలు వేశాను. ఆయన నిద్రపోతుండగా లోపల అత్తమ్మను గడియ వేసుకోమని, బయట నుంచి భుజంతో తోశాను. ఒక్క తోపుకే ఊడింది. మళ్లీ ఆ బొక్కల్లోనే బిగించాను. అది తెలియక ఆయన రోజూ గడియ వేసుకుని స్నానం చేస్తున్నాడు. నిన్న లోపల కూనిరాగం తీశాడు. ఆయన పనివాడు అన్నా, గడియ కదులుతున్నట్టు ఏదో ఒక రోజు చేతికి తెలుస్తుంది. నేను నమ్మలేదని తెలిసిన తర్వాత ఆయన్ను నేను ఆపలేను. అంతకుముందే రండి. ఆయన్ను చూసి, పర్వాలేదనిపిస్తే పొడుగు స్క్రూలు మీ చేత్తో బిగించండి. అనిపించకపోతే అట్లాగే వదిలేసి, గడియ గట్టిగా ఉందని ఆయనతో చెప్పండి. మీ మాట నమ్ముతాడు. ఈ కాగితం ఆయన కంట పడకూడదు. చదవగానే కాల్చెయ్యండి.