మాక్రోకి బాబాయి పేరు

బాబాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జగ్గయ్యపేట ప్రెస్సులో శుభలేఖకు కూర్చిన సీసపు అక్షరాలను విప్పకుండా దారంతో కట్టి ఉంచి, ప్రతి పెళ్లికీ పేర్లు మాత్రం మార్చేవాడివి కదా. ఇక్కడ కంప్యూటర్ మాన్యువళ్లకు నేనూ అదే చేస్తున్నాను. హెచ్చరికను ఒక్కసారి రాసి దానికి ‘సుబ్బయ్య’ అని నీ పేరు పెట్టాను. ఆ పేరు కొడితే హెచ్చరికంతా అచ్చవుతుంది. దీన్ని మాక్రో అంటారు. కొత్త మాన్యువల్‌కి రెండు మాటలు మార్చుకోవాలంతే.

ఈసారి ఆ మాటలు మార్చడం మరిచిపోయాను. బ్యాంకు మాన్యువల్లో పేజీ పేజీకీ, అంతకుముందు ఆసుపత్రికి రాసిన ‘రోగుల వివరాలు చెరపరాదు’ అని పడింది. మేనేజరు ఎగిరిపడ్డాడు. అంతకుముందు పెళ్లిలోని పెళ్లికొడుకు పేరుతో శుభలేఖలందుకున్న నందిగామవారికి నువ్విచ్చిన జవాబే ఇచ్చాను: “ముహూర్తానికింకా టైముంది కదండీ!”

“ముందా సుబ్బయ్యని తీసెయ్. మాక్రోకి మనిషి పేరేంటయ్యా?” అన్నాడు.

“మా బాబాయినడిగి తీసేస్తానండీ” అన్నాను.